సీసం గుళ్ళు

వేట నిషేధం అరవై ఒక్క రోజులు.
పడవ ఒడ్డెక్కితే
మా అయ్య వల ఎక్కేవాడు.

శ్రీకాకుళం పాత సామాన్ల కొట్టు నుంచి
చచ్చిపోయిన ఆటో బ్యాటరీలు రెండు,
గోనెసంచిలో, బస్సు వెనక సీటు కింద.
కండక్టర్ అడిగితే
"కొబ్బరికాయలు బావూ" అని.

పెరట్లో మూడు రాళ్ళు, కొబ్బరి డొక్కల మంట.
మూకుట్లో సీసం
ముందు మొండికేసేది.
తర్వాత ఒక్కసారిగా
కవళ్ళ పొట్టలా తళుక్కుమనేది.
పైన కట్టిన బూడిద మీగడని
అయ్య పుల్లతో పక్కకి తోసేవాడు.
పొగ ఎటొస్తే అటు
మేం మొహం తిప్పుకునేవాళ్ళం.
మాకు తెలిసిన జాగ్రత్త అంతే.

అదే మూకుడు ఇసకేసి తోమి
సాయంత్రం అమ్మ నెత్తళ్ళు వేయించేది.

గుళ్ళు చల్లారాక మా పని.
అంచుతాడుకి తొడిగి
ఒక్కోటీ పళ్ళ మధ్య పెట్టి నొక్కాలి.
ఇంట్లో పట్టకారు ఉంది, తుప్పు పట్టి.
పళ్ళైతే నూనె అడగవు.
వలకి మూడొందల గుళ్ళు.
నాకు ఎనిమిదేళ్ళు, తమ్ముడికి అయిదు.

తమ్ముడు తవిటేసు.
వాడికి ముందు ఇద్దరు కడుపులోనే పోతే
పుట్టగానే తవుడికి అమ్మి
మళ్ళీ కొనుక్కున్న పిల్లోడు.
ఆ ఇద్దరూ ఎందుకు పోయారో
ఎవరూ ఏ పరీక్షా చెయ్యలేదు.

"అక్కా, ఇది తియ్యగుంటాది" అనేవాడు.
ఉండేది. కొద్దిగా.
నేనూ ఎవరికీ చెప్పలేదు.

వాడికి ఏడో ఎక్కం
ఇవాళ వస్తే రేపుండేది కాదు.
కడుపు పట్టుకుని మెలికలు తిరిగితే
అమ్మ దిష్టి తీసింది, వాము నీళ్ళు పట్టింది.
ఇరవై రెండో ఏట
కుడి మణికట్టు వాలిపోయింది.
విసిరితే వల
ముద్దగా పడుతోంది, విచ్చుకోవడం లేదు.

బడి వరండాలో వైద్య శిబిరం పెట్టినప్పుడు
డాక్టరమ్మ వాడి పెదవి ఎత్తి
చాలాసేపు చూసింది.
చిగుళ్ళ పొడుగునా నీలి గీత,
ఎవరో అంచుతాడు కుట్టినట్టు.

రక్తం విశాఖపట్నం వెళ్ళింది.
మూడు వారాలకి కాగితం వచ్చింది.
అయ్య దాన్ని తలకిందులుగా పట్టుకున్నాడు.
"నెత్తుట్లో సీసమేటమ్మా?
సీసం వలకుండాల గానీ.
సీసం నేకపోతే వల మునగదు.
వల మునగకపోతే మేం మునిగిపోతాం."

ఆవిడ తిట్టలేదు.
తిట్టినా బాగుండేది.
కాగితం వెనక బొమ్మ గీసింది.
ఒళ్ళు సీసాన్ని సున్నం అనుకుంటుందట,
ఎముకలో దాచిపెట్టుకుంటుందట,
కూలి డబ్బు కొంగున ముడేసుకున్నట్టు,
పాతికేళ్ళైనా.

అప్పుడు నా వైపు తిరిగి
"నీకెన్నో నెల?" అంది.

ఏడు.

లోపల బిడ్డకి ఎముక కట్టాలంటే
తల్లి ఎముక కొంత కరగాలట.
ఆవిడ ఇంకా చెప్తూనే ఉంది,
పాలు, గుడ్లు, చోడి అంబలి, రక్తపరీక్ష.
నేను నాలికతో
నా పళ్ళు తడుముకుంటున్నాను.
కింద ముందుపన్నుకి చిన్న నొక్కు,
దారం పట్టేంత.

మా మామ్మ కాలంలో మట్టి గుళ్ళేనట,
కుమ్మరి ఆవంలో కాల్చినవి.
ఇసకలో ఒకటీ అరా ఇంకా దొరుకుతాయి.
తవిటేసు ఒకటి తెచ్చి
ఎడం చేత్తో అయ్య ముందు పెట్టాడు.
అయ్య అరచేతిలో ఎగరేసి చూసి
"తేలిక" అన్నాడు.

ఆ రాత్రి మాత్రం
పట్టకారుకి ఆవదం రాసి
తెరుస్తూ మూస్తూ కూర్చున్నాడు.

మూకుడు పొయ్యి మీదే ఉంది.
నడుం పట్టుకుని నేనే లేచాను,
బయట పారేద్దామని.

ఇటు బావి.
అటు వంశధార.
గుమ్మం ముందు
పక్కింటి పిల్లలు ఇసకలో గూళ్ళు కడుతున్నారు.

మూకుడు చేత్తో పట్టుకుని
అక్కడే నిలబడిపోయాను.